మొదటి డబ్బా

డప్పు ఆగిపోయింది.

మీరు మా వాకిట్లో, వేపచెట్టు కింద చీకట్లో నిలబడి ఉన్నారు. మెదక్‌కు దగ్గరి పల్లె ఇది. డిసెంబరు రెండో వారం, రాత్రి పదకొండు దాటింది. ఈ నెలలో ఇక్కడ చలి నేలలోంచి పుట్టుకొస్తుంది, ముందు పాదాలకే తెలుస్తుంది. ఇంతసేపూ ఊరి ఆ చివరి నుంచి క్యారల్స్ పిల్లలు ఇంటింటి ముందు ఆగి పాడుకుంటూ ఇటే వస్తున్నారు. రెండు డప్పులు, ఒక కంజిర, చర్చిలోంచి మోసుకొచ్చిన పాత హార్మోనియం. ముందు నడిచేవాడి చేతిలో వెదురు కర్ర, దాని కొసన రంగు కాగితాల నక్షత్రం, నక్షత్రం లోపల చిన్న బల్బు. పక్కింటి ముందు పాట అయింది, ప్రార్థన అయింది, చప్పట్లు అయ్యాయి. తర్వాతి ఇల్లు మాది. వాళ్లు డప్పులు చంకలోకి లాక్కుని, చిన్నపిల్లల నోళ్ల మీద వేలు పెట్టి, మా గుమ్మం ముందు నుంచి అడుగు చప్పుడు లేకుండా దాటిపోతున్నారు.

మా ఇంటి మీద ఈ ఏడు నక్షత్రం కట్టలేదు. వానాకాలంలో మా అమ్మ ప్రభువునందు నిద్రించింది.

క్రైస్తవులకు ఈ కట్టుబాటు ఎక్కడిదని మీకు అనిపించవచ్చు. బైబిల్లో లేదు, ఊళ్లో ఉంది. మనిషి పోయిన ఇంట్లో ఏడు తిరిగేదాకా పండుగ చేయరు. కొత్త బట్టలు కట్టరు, పొయ్యి మీద నూనె కడాయి ఎక్కించరు. బాప్తిస్మం తీసుకున్న మా తాతలు పాతవి ఎన్నో వదిలేశారు గానీ దీన్ని వదలలేదు. దాని మీద నాకు కోపం లేదు. దుఃఖం ఉన్న ఇంటిని ఊరు గుర్తుపెట్టుకునే పద్ధతి అది. నవ్వమనీ ముస్తాబు కమ్మనీ ఏడాదిపాటు ఎవరూ అడగరు. కానీ ఇప్పుడు డప్పు ఆగగానే లోపల నులక మంచం కిర్రుమనడం మీరూ విన్నారు. నాయిన లేచాడు.

తలుపు తెరిచి, దుప్పటి కప్పుకుని గడప మీద నిలబడ్డాడు.

"ఎందుకాపిండ్రు?"

నక్షత్రం పట్టుకున్న పిల్లవాడు తల వంచుకున్నాడు. "మీకు ఈ యేడు పండుగ లేదు గదా పెద్దనాయినా. అందుకని..."

"మాకు లేదు. మీకుంది గదా." కాసేపు మాట రాలేదు ఆయనకు. "ఆమె ఉంటే మిమ్ముల గిట్ల పోనిస్తుండెనా? కొట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. నాయిన తనే అరుగు మీది చాప దులిపి పరిచాడు. హార్మోనియం ముందు దానిమీదికి చేరింది, తర్వాత పిల్లలు చేరారు.

పాట మొదలైంది. నాయిన పాడలేదు. గోడకు వీపు ఆనించి, ఒక్కో పిల్లవాడి ముఖం చూస్తూ కూర్చున్నాడు. లోపల నేనూ మరదలూ చాయ్ పెడుతున్నాం. పాలు పొంగించడానికి కట్టుబాటు అడ్డురాదు. అమ్మ వేసినట్టే అల్లం దంచి వేశాం. పెద్ద గిన్నె వెతకడానికే సగం పాట అయిపోయింది. ఏడాదికి ఒక్క రాత్రి, క్యారల్స్ పిల్లల కోసమే అటక మీంచి దిగే గిన్నె అది. అమ్మ తప్ప ఎవరూ దాన్ని దించి ఎరగరు.

ఈ నెలల్లో పరామర్శకు వచ్చినవాళ్లు ఎన్నో మాటలు చెప్పారు. దేవుని చిత్తం అన్నారు. మంచివాళ్లను ముందే పిలుచుకుంటాడన్నారు. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన, అమ్మ ఈసారి పరలోకంలో క్రిస్మస్ చేసుకుంటుందన్నాడు. అందరూ ప్రేమతోనే అన్నారు. నాయిన అన్నింటికీ తల ఊపి మళ్లీ మంచం మీదికే వెళ్లాడు. మనిషి పోయిన ఇంట్లో వివరణలు ఎవరికీ ఆనవని నాకు ఈ ఏడు బాగా తెలిసింది.

ఇప్పుడు మా అరుగు మీద కూర్చోండి. క్రిస్మస్ వారంలోకి వచ్చాం. పొద్దున్నే, ఇంకా ఎండ పట్టలేదు. వచ్చేవాళ్లను చూడండి.

ముందు గొల్లవాడ నుంచి అవ్వ వచ్చింది. కొంగు కింద స్టీలు డబ్బా. "మా కొడుకు పోయిన యేడు మీ ఆమె గరిజెలు పంపింది. మా మనుమడొక్కడే సగం డబ్బా తిన్నడు" అంటూ డబ్బా నాయిన చేతిలో పెట్టింది. లోపల పోలెలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆమె వెళ్లీవెళ్లకముందే మసీదు పక్కింటి టైలర్ భాయ్ సైకిల్ స్టాండు వేశాడు. మెదక్ బేకరీ నుంచి ఉస్మానియా బిస్కట్లు తెచ్చాడు. వాళ్ల అమ్మీ పోయిన నెలలోనే క్రిస్మస్ వచ్చిందట, అప్పుడు మా ఇంటి నుంచి డబ్బా వెళ్లిందట. తర్వాత చాకలి వాళ్ల కోడలు, ఆ తర్వాత బడి పంతులు గారి భార్య, పై ఊరి నుంచి బస్సు దిగి వచ్చిన ఒక ముసలాయన. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు, పోయినవాళ్ల పేరు. ఆ పేరు వెంటే అమ్మ పేరు వస్తోంది.

అమ్మ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. పండుగకు కడాయి ఎక్కాక మొదటి వాయి ఇంట్లో ఎవరూ ముట్టడానికి లేదు. ఊళ్లో ఆ ఏడు ఏ ఇంట్లో మనిషి పోయాడో ఆ ఇంటికి మొదటి డబ్బా వెళ్లాలి. కులం అడిగేది కాదు, మతం అడిగేది కాదు. "వాళ్లింట్ల కడాయి ఎక్కది. పిల్లలకేం తెలుసు ఏడు తిరగలేదని?" అనేది. ఆ డబ్బా మోసిన దాన్ని నేను, నా తర్వాత తమ్ముడు. అయితే ఇన్ని ఇళ్లు, ఇన్నేళ్లు అని మేమిద్దరం కూడా కలిపి చూసుకోలేదు. నాయినకు అసలే తెలియదు, ఆ పూట ఆయన పొలం దగ్గర ఉండేవాడు.

మధ్యాహ్నానికి డబ్బాలు గూట్లో పట్టలేదు. నాయిన వాటి ముందు కూర్చుని అడిగాడు. "ఈ యేడు ఊర్ల ఇంకెవరింట్ల పోయిండ్రు?"

ఎవరమూ మాట్లాడలేదు. అందరికీ తెలుసు. చెరువుకట్ట కింది ఇంట్లో, దసరాకు ముందు, చిన్న వయసు మనిషి పోయాడు. ఇద్దరు పిల్లలు. చిన్నది ఇంకా అంగన్‌వాడీకి పోతోంది.

"కడాయి దించుండ్రి" అన్నాడు నాయిన.

మా మేనత్త ఆయనకంటే పెద్దది. తమ్ముడి కోసం వచ్చి ఈ నెలంతా ఇక్కడే ఉంది. చేటలో బియ్యం పక్కన పెట్టి గట్టిగానే అంది. "యేడు తిరగకముందే కడాయి ఎక్కిస్తవారా? నలుగురు ఏమనుకుంటరు?"

"అనుకోనీ అక్కా. ఆ పిల్లలింట్ల గూడ ఎక్కది. మనింట్ల గూడ ఎక్కకపోతే వాళ్లకెవరిస్తరు? ఆమె ఇన్నేండ్లు ఇచ్చింది గిందుకే గదా."

అత్త చాలాసేపు బియ్యం వైపే చూసింది. రాళ్లు ఏరింది. చేట దులిపింది. చివరికి, "అయితే ముందు నువ్వులు ఏయించుండ్రి. అవి చల్లారాలె" అంది.

వంటింట్లోకి రండి, కాస్త ఒదిగి కూర్చుంటే మీకూ చోటుంది. నువ్వులు చిటపటలాడుతున్నాయి. పల్లీల పొట్టు ఊదుతుంటే గాలికి మా జుట్టులోకి వస్తోంది. ఎండుకొబ్బరి కోరింది మరదలు. పుట్నాలు, చక్కెర, ఇలాచి కలిపి దంచాలి. ఎంతకెంత? అక్కడ ఆగాం. అమ్మ ఎప్పుడూ కొలిచింది లేదు. చేత్తో పిడికెడు తీసి, పిండి వంక చూసి, ఇంకో అర పిడికెడు వేసేది. ఆ చేతి కొలత ఎక్కడా రాసి లేదు. అత్త ఒక లెక్క చెప్పింది, మరదలు వాళ్లమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఇంకో లెక్క చెప్పింది. నేను మూడోది అనుకున్నాను. అమ్మ లేకపోవడం నాకు స్మశానంలో కంటే ఈ పళ్లెం ముందు ఎక్కువగా తెలిసింది. అక్కడ ఏం చేయాలో చెప్పడానికి పాస్టరయ్యగారు ఉన్నారు, పాడటానికి సంఘం ఉంది. ఇక్కడ పిండి నానిపోతోంది, నూనె కాగుతోంది, అడగడానికి మనిషి లేదు.

అంచులు మడిచే పని నాయిన తీసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, ఆయనే కూర్చున్నాడు. అమ్మ గరిజె అంచును వేళ్లతో మెలిపెట్టి జడలాగా అల్లేది. నాయిన చేతులు నాగలి పట్టిన చేతులు, ఆ మెలిక పడలేదు. గట్టిగా నొక్కాడు. మొదటి వాయిలో రెండు విచ్చుకుని లోపలి పొడి నూనెలో మాడింది. వాటిని తీసేసి, నూనె వడకట్టి, మళ్లీ ఎక్కించాం. ఆయన లేవలేదు. చీకటి పడే వేళకు చాట నిండా గరిజెలు, మరో గిన్నెలో మురుకులు. మొదటి డబ్బాకు వేరేగా తీసి మూతపెట్టాం.

24 సాయంత్రం. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చోండి, మెదక్ వస్తోంది. ఊరు కనబడకముందే చర్చి గోపురం కనబడుతుంది, 175 అడుగుల ఎత్తు. ఈ రాత్రి దాని నిండా దీపాలు. ఏటా మేం ఇక్కడికే వస్తాం. ఈసారి వద్దని నాయిన అనలేదు, రమ్మనీ అనలేదు. పొద్దున చూస్తే అమ్మ సంచి సర్ది ఉంది. అందులో చాప, రెండు దుప్పట్లు, కొవ్వొత్తుల పొట్లం, అమ్మ బైబిలు.

ఆవరణలో అడుగు పెట్టడం కష్టం. చెట్ల కింద, గోడల వారగా, ఎక్కడ జానెడు చోటుంటే అక్కడ చాపలు పరుచుకున్నారు. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పక్కన ఎవరో ఉల్లిగడ్డ కోస్తున్నారు. తెలంగాణ జిల్లాల వాళ్లే కాదు, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లున్నారు. బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, టోపీ పెట్టుకున్న మగవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని వరుసలో ఉన్నారు. మొక్కుకున్నవాళ్లు, మొక్కు తీర్చుకునేవాళ్లు. మీ పక్క చాప మీది ఆమెనడిగితే చెబుతుంది, కొడుకు కోసం వచ్చింది. ఆ పక్కాయన భార్య ఆరోగ్యం కోసం. సంతోషంతో వచ్చినవాళ్లు ఉన్నారు, కానీ రాత్రి పొడవునా మాటలు వింటే ఈ ఆవరణలో సగం మంది ఏదో ఒక లోటు మోసుకొచ్చినవాళ్లే అని తెలుస్తుంది.

ఈ గోడల కథ కూడా అదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పూనికతో 1914లో పని మొదలైంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. కరువు రోజులు. రాయి మోసినవాళ్లకు, సున్నం కలిపినవాళ్లకు ఆ పనే తిండి పెట్టింది. మా ముత్తాత కూడా మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. కట్టుబడి నడుస్తుండగానే 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా పాకింది, దక్కన్‌నూ వదల్లేదు. పదేళ్ల పని ముగిసి మందిరాన్ని ప్రతిష్ఠించిన రోజు 1924 డిసెంబరు 25. ఆ పొద్దున ఈ మెట్లెక్కినవాళ్లలో ఆ పదేళ్లలో ఇంటి మనిషిని మట్టి చేయని కుటుంబం ఏది ఉండి ఉంటుంది? అంత పెద్ద మందిరంలో మొదటి క్రిస్మస్ పాట ఎత్తుకున్న గొంతులు అవే కదా. నేను ఈ స్తంభాల పక్కన నిలబడినప్పుడల్లా ఆ జనాన్నే తలుచుకుంటాను.

తెల్లవారుజాము. నిద్ర చాలని కళ్లతో, చలికి ముడుచుకున్న పిల్లల్ని చంకనేసుకుని లోపలికి నడవండి. నేల మీది రంగు పలకలు పాదాలకు మంచులా తగులుతాయి. శిలువ పట్టుకుని ముందు నడిచే ఊరేగింపు, తెల్లటి అంగీల గురువులు, వెనక గాయక బృందం. జనం వేల గొంతులతో లేచారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడి రంగుటద్దాల కిటికీలు మూడున్నాయి ఇక్కడ. క్రీస్తు పుట్టుక ఒకదానిలో, శిలువ ఒకదానిలో, ఆరోహణం ఒకదానిలో. ఇప్పుడు చూడండి, ఏదీ కనబడదు. బయటి వెలుగు పడితేనే ఆ బొమ్మలు బయటికి వస్తాయి. లోపల ఎన్ని లైట్లు వేసినా అవి నల్లటి పలకలే. ఆరాధన మొదలైనప్పుడు పశువుల తొట్టి ఏ కిటికీలో ఉందో, శిలువ ఏ కిటికీలో ఉందో కొత్తవాళ్లు చెప్పలేరు.

ప్రసంగం నడుస్తోంది. గొర్రెల కాపరుల దగ్గరికి వచ్చారు. నాకు మా పల్లె చర్చి క్రిస్మస్ నాటకం గుర్తొచ్చింది. పిల్లలందరికీ మరియమ్మ వేషం కావాలి, లేదా దూత వేషం. మగపిల్లలు హేరోదు కిరీటం కోసం కొట్టుకునేవారు. జ్ఞానులు బంగారం పెట్టి వెళ్లగానే నాటకం అయిపోయేది, మిఠాయి పంచేవాళ్లు. అమ్మ మాత్రం ఆ రాత్రి పడుకునేటప్పుడు మిగతాది చెప్పేది. హేరోదు సైనికులు బేత్లెహేముకు వచ్చారు. రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపారు. ఎవరు ఎంత చెప్పినా ఓదార్పు పొందనని ఏడ్చిన రాహేలు మాట మత్తయి అక్కడే రాశాడు, క్రిస్మస్ కథ మధ్యలో. ఆ పిల్లల జ్ఞాపకానికి క్రైస్తవ లోకంలో చాలా సంఘాలు డిసెంబరు 28ని పెట్టుకున్నాయి. లూకా రాసిన అన్న అనే ముసలమ్మ సంగతీ చెప్పేది. ఏడేళ్ల కాపురం తర్వాత భర్త పోయాడు, ఆ తర్వాత బతుకంతా దేవాలయంలోనే. మరియమ్మ బిడ్డను ఎత్తుకుని దేవాలయానికి వచ్చినప్పుడు గుర్తుపట్టినవాళ్లలో ఆమె ఒకతె. "ఏడ్చినోళ్లకు తొందరగ తెలుస్తది" అనేది అమ్మ. అప్పుడు నాకు నిద్ర వస్తుండేది.

ఇప్పుడు నిద్ర రావడం లేదు. క్రిస్మస్ దుఃఖం తీరినవాళ్ల పండుగ అయితే నాయినకు ఇక్కడ చోటు లేదు, ఆ చాప మీది ఆమెకు చోటు లేదు, 1924లో మెట్లెక్కిన మా ముత్తాతకూ లేదు. కథలో ఉన్నది వేరు. చోటు దొరకని ఒక జంట, చలి రాత్రి, ముక్కూ మొహం తెలియనివాళ్లు వాళ్లను వెతుక్కుంటూ నడిచి రావడం. దేవుడు మనిషి దగ్గరికి నడిచి వచ్చాడని మేం నమ్ముతాం. నమ్మినవాళ్లు ఆ నడక నడవాలి, దుఃఖం ఉన్న ఇంటి దాకా. అమ్మ ప్రసంగాలు చేయలేదు, డబ్బా పంపింది. ఆమె పోయాక ఆ ఇళ్లన్నీ మా ఇంటికి నడిచి వచ్చాయి. పండుగకు అర్థం ఏమిటని నన్నడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇదే, దీనికి మించి నాకు అక్కర్లేదు కూడా.

కానుక సంచి వరుసల్లోకి వచ్చింది. నాయిన చొక్కా జేబులోంచి కవరు తీశాడు. పైన అమ్మ పేరు, ఆయన చేతిరాత, వంకర అక్షరాలు. కవరు వేశాడు. తమ్ముడి కూతురు ఆయన ఒడిలోంచి లేచి వేలు చూపించింది. ఆరున్నర దాటింది, కిటికీ మేలుకుంటోంది. ముందు నీలం, తర్వాత ఎరుపు. నాయిన పిల్లను భుజం మీద కూర్చోబెట్టుకుని బొమ్మలో ఎవరెవరున్నారో ఒక్కొక్కరినీ పేరుపెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. మాటల మధ్యలో గొంతు పూడుకుపోయింది, తుడుచుకుని మళ్లీ చెప్పాడు. ఆయన ఏడ్వడం నేను ఈ ఏడు చూడటం అదే మొదటిసారి, స్మశానంలో కూడా ఏడ్వలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది. అత్త బగారా అన్నం వండించింది. కొత్త బట్టలు ఎవరమూ కట్టలేదు, నక్షత్రం కట్టలేదు. కట్టుబాటులో అంతవరకు ఉంచుకున్నాం. తినకముందే నాయిన స్టీలు డబ్బా చేతిలోకి తీసుకుని నా వైపు చూశాడు.

చెరువుకట్ట కింద గట్టు దిగితే ఇల్లు. మీరూ రండి, దారి ఇరుకే. వాకిలి ఊడ్చి ఉంది, ముగ్గు లేదు. పిల్లలిద్దరూ గడప మీద కూర్చుని ఉన్నారు. వాళ్లమ్మ లోపలి నుంచి వచ్చింది, నాకంటే చిన్నది.

"ఏమున్నది బిడ్డా, గరిజెలు తెచ్చిన" అన్నాడు నాయిన.

ఆమె డబ్బా అందుకోలేదు. "అత్తమ్మ పోయింది ఈ యేడే గదా మామా. మీ ఇంట్ల కడాయి ఎట్లెక్కింది?"

"నేనెక్కిచ్చిన."

చిన్నది అప్పటికే మూత తీసింది. పెద్దవాడు వాళ్లమ్మ ముఖం చూశాడు. ఆమె తల ఊపాక ఒకటి తీసుకున్నాడు, కొరికాడు, ఇంకొకటి చేతిలో పట్టుకున్నాడు. నాయిన గడప పక్కన గొంతుకూర్చుని వాడి బడి సంగతి అడిగాడు. వాడు సార్ల పేర్లన్నీ చెప్పాడు. ఆమె నన్ను లోపలికి రమ్మని నీళ్లిచ్చింది. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని నేను అడిగాను, నాయినకు పడుతోందా అని ఆమె అడిగింది. ఇద్దరం ఒకే జవాబు చెప్పుకున్నాం. అన్నం మాతోనే తిందురు గాని, పిల్లల్ని తీసుకుని రమ్మన్నాను. ఊర్లో ఏమనుకుంటారోనంది. మా అత్తే రమ్మన్నదని చెప్పాను. నిజంగానే ఆమె చెప్పి పంపింది.

బయలుదేరుతుంటే డబ్బా ఖాళీ చేసి, కడిగి, వెనక దడి దగ్గరికి వెళ్లి నిండా అనపకాయలు కోసుకొచ్చింది. "ఉత్త డబ్బా ఇయ్యద్దంటరు గదా మామా."

గట్టు ఎక్కాక నాయిన మూత తీసి ఒక కాయ ఒలిచి చూశాడు. "లేతగున్నయి. రేపు పొద్దుగాల గుడాలు పెడదాం, వాళ్లకు గూడ పంపు" అన్నాడు.